నడుస్తోందా? పని చేస్తోందా? – మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాపలా స్క్రిప్టు డైరీ

మార్చి చివర

గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి కంప్యూటర్ పనులు నేనే చూస్తాను. కోతలు ఊపందుకునేసరికి ఇక్కడ ఛాంబర్లు నిండిపోతాయి. యార్డులో ధర నచ్చని రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చి ఏసీలో పెడతాడు, బాండు (సరుకు పెట్టినట్టు రసీదు) తీసుకుంటాడు, దాని మీద అప్పు తెచ్చుకుని మంచి ధర కోసం నెలల తరబడి ఎదురుచూస్తాడు. లోపల చల్లదనం తప్పితే కాయ రంగు పోతుంది. రంగు పోతే ధర పోతుంది.

అందుకే ఛాంబర్లలో సెన్సర్లు పెట్టారు. వాటిని నిమిషానికోసారి చదివి సీఎస్‌వీ (గడులను కామాలతో విడదీసే పట్టిక) ఫైల్లో ఒక వరస రాసే ప్రోగ్రామ్ ఆఫీసులోని విండోస్ కంప్యూటర్ మీద నడుస్తుంది. ఉష్ణోగ్రత పెరిగితే అలారం కొట్టాల్సింది కూడా ఆ ప్రోగ్రామే. మరి ఆ ప్రోగ్రామే ఆగిపోతే చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఈ మధ్య ఒక రాత్రి అలాగే జరిగింది. తెర మీద కిటికీ ఉంది, అంకెలు కనిపిస్తున్నాయి. తెల్లారి ఫైలు తెరిస్తే రాత్రి పదకొండు దాటాక ఒక్క వరస కూడా లేదు. కంప్రెసర్లు బాగానే నడిచాయి కాబట్టి సరుకుకు ఏమీ కాలేదు. వెతికితే కారణం దొరికింది. సెన్సర్ లైన్లో క్షణకాలం అంతరాయం వచ్చి ప్రోగ్రామ్ ఒక ఎర్రర్ బాక్సు చూపించింది. ఆ బాక్సు బిల్లింగ్ కిటికీ వెనక ఉండిపోయింది. ఎవరైనా ఓకే నొక్కేదాకా ప్రోగ్రామ్ అలాగే ఆగి ఉంది.

"బాబూ, అది ఆగితే నా ఫోనుకు తెలియాలి. రాత్రి ఏ టైమైనా సరే" అన్నారు మేనేజర్ గారు. పని అక్కడ మొదలైంది. ప్రోగ్రామ్ బయటి కంపెనీది, లోపలి కోడ్ మన చేతిలో లేదు. బయటి నుంచే కనిపెట్టాలి.

ఏప్రిల్ మొదట్లో: పేరుతో వెతకడం

అందరూ మొదట చేసేదే మొదట చేశాను. విండోస్‌లో టాస్క్‌లిస్ట్ అనే కమాండ్ ఉంది. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా ఇస్తుంది, ఫలానా పేరుదే కావాలని వడపోత కూడా పెట్టవచ్చు. బ్యాచ్ ఫైల్లో (కమాండ్లు వరసగా రాసుకునే ఫైలు) రెండు మూడు వరసలతో అయిపోయే పనిలా కనిపిస్తుంది. కానీ ఇక్కడ తెలుసుకోవాల్సినవి రెండున్నాయి.

ఒకటి, వడపోతకు ఏమీ దొరక్కపోయినా టాస్క్‌లిస్ట్ తన ఎగ్జిట్ కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే అంకె) సున్నాగానే ఇస్తుంది. అడిగిన పని చేశాను, ఫలితం ఖాళీ అని దాని లెక్క. ఎగ్జిట్ కోడ్ చూసి నిర్ణయం తీసుకునే స్క్రిప్టుకు ప్రోగ్రామ్ ఎప్పుడూ నడుస్తున్నట్టే కనిపిస్తుంది. అందుకని దాని అవుట్‌పుట్‌ను ఫైండ్ కమాండ్‌కు పంపి, పేరు అందులో ఉందో లేదో చూడాలి. పేరు దొరక్కపోతే ఫైండ్ ఒకటి ఇస్తుంది, దాన్ని నమ్మవచ్చు.

రెండోది ఇంకా మెలికైనది. టాస్క్‌లిస్ట్ మామూలుగా ఇచ్చే పట్టికలో పేరు గడికి 25 అక్షరాలే చోటు. మన ప్రోగ్రామ్ పేరు అంతకంటే పొడుగు. తోక తెగిపోయిన పేరులో ఫైండ్ పూర్తి పేరు కోసం వెతికితే ఎప్పటికీ దొరకదు. పట్టిక బదులు సీఎస్‌వీ రూపంలో ఇవ్వమంటే పూర్తి పేరు వస్తుంది.

అంత తంటా ఎందుకని విండోస్‌లోనే ఉండే ఇంకో కమాండ్ పరికరం పవర్‌షెల్‌కు మారాను. విండోస్ 10తో పాటే 5.1 వెర్షన్ వస్తుంది, కొత్తగా ఏమీ ఎక్కించక్కర్లేదు. అందులో గెట్-ప్రాసెస్‌కు పేరు ఇవ్వాలి, చివరి ఈఎక్స్‌ఈ తీసేసి. అది పెట్టి అడిగితే దొరకలేదంటుంది. వచ్చిన జవాబును లెక్కపెట్టడం మంచిది. సున్నా అయితే ప్రోగ్రామ్ లేదు. రెండైతే అదీ ప్రమాదమే, ఎందుకంటే విండోస్‌లో ఒక సీరియల్ పోర్టును (సెన్సర్ల లైను కంప్యూటర్‌కు తగిలే ద్వారం) ఒకేసారి ఒక్క ప్రోగ్రామే తెరవగలదు. ఎవరైనా తెలియక ఐకాన్ మీద మళ్లీ నొక్కి రెండో కాపీ తెరిస్తే దానికి పోర్టు దొరకదు, కానీ దాని కిటికీ మొదటి దాన్ని కప్పేస్తుంది. కాబట్టి నా స్క్రిప్టు సరిగ్గా ఒకటి ఉందా అని చూస్తుంది.

అదే వారం: ఉండటం చాలదు

ఇంతవరకు రాసిన స్క్రిప్టును మార్చి నాటి ఆ రాత్రి నడిపి ఉంటే ఏం చెప్పేది? అంతా బాగుంది అనే చెప్పేది. ప్రోగ్రామ్ మెమరీలో ఉంది, పేరు జాబితాలో ఉంది. మంచె మీద మనిషి ఉన్నాడా అన్నది ఒక ప్రశ్న, మేలుకొని ఉన్నాడా అన్నది ఇంకో ప్రశ్న. మనకు కావాల్సింది రెండోదానికి జవాబు.

పవర్‌షెల్ ఇచ్చే వివరాల్లో రెస్పాండింగ్ అనే గుర్తు ఒకటుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అది చూసేది ఒక్కటే: ప్రోగ్రామ్ ప్రధాన కిటికీ 5 సెకన్లలో పలుకుతుందా లేదా. ఎర్రర్ బాక్సు తెరిచి ఓకే కోసం ఎదురుచూసే ప్రోగ్రామ్ కిటికీ చక్కగా పలుకుతుంది. దాని దృష్టిలో అది బాగానే ఉంది. ఇంకో సంగతి, కిటికీయే లేని ప్రోగ్రామ్‌కు ఈ గుర్తు ఎప్పుడూ సరే అనే చెబుతుంది. పైగా మన కాపలా స్క్రిప్టు వేరే సెషన్‌లో (విండోస్ ఒక్కో లాగిన్‌కు ఇచ్చే విడి చోటు) నడిస్తే దానికి ఆ కిటికీ కనిపించదు. దీన్ని పూర్తిగా పక్కన పెట్టేశాను.

ప్రోగ్రామ్ చేయాల్సిన పని నిమిషానికో వరస రాయడం. అయితే ఆ వరస ఉందో లేదో చూస్తే సరిపోతుంది. ఈ ప్రాజెక్టు మొత్తానికి ఇదే కీలకం.

ఏప్రిల్ నడిమి: చివరి వరస

ఫైలు ఎప్పుడు మారిందో విండోస్ చూపించే టైమును వాడవచ్చు కదా అనిపిస్తుంది. దాని మీద ఆధారపడలేదు. ఒక ప్రోగ్రామ్ ఫైలును తెరిచి ఉంచి రాస్తూ పోతుంటే, ఫోల్డర్ జాబితాలో కనిపించే టైము, సైజు వెంటనే మారకపోవచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కు మీద ఫైళ్లు దాచే పద్ధతి) ఆ వివరాలను ఫైలు మూసినప్పుడు సరిచేస్తుంది. బాగా నడుస్తున్న ప్రోగ్రామ్ మీద ఆగిపోయిందనే కేక పెట్టే స్క్రిప్టును ఎవరూ నమ్మరు. నమ్మకం పోతే నిజంగా ఆగిన రోజు కూడా ఫోను పక్కన పడేస్తారు.

అందుకని ఫైలు చివరి వరసనే చదువుతున్నాను. పవర్‌షెల్‌లో ఫైలు చదివే గెట్-కంటెంట్ కమాండ్‌కు టెయిల్ అని ఒకటి ఇస్తే చివరి వరస ఒక్కటే వస్తుంది. ఇలా చదవడం వల్ల రాసే ప్రోగ్రామ్‌కు అడ్డు రాదు. అందులోని మొదటి గడిలో తేదీ, సమయం ఉంటాయి. ఇప్పటి సమయంలోంచి దాన్ని తీసేస్తే ఎన్ని నిమిషాలు పాతదో తెలుస్తుంది. పది నిమిషాలు దాటితే కబురు పంపాలి.

తేదీ దగ్గర ఒక గుంట ఉంది, మన దేశంలో ఈ పని చేసే ప్రతివాళ్లూ చూసుకోవాల్సింది. ప్రోగ్రామ్ రోజు-నెల-సంవత్సరం వరసలో రాస్తుంది. నా లాగిన్‌లో స్క్రిప్టు నడిపితే భారత్ సెట్టింగులు ఉంటాయి కాబట్టి సరిగ్గా చదువుతుంది. అదే స్క్రిప్టు విండోస్ సొంత ఖాతా అయిన సిస్టమ్ కింద నడిస్తే, అక్కడ మామూలుగా అమెరికా సెట్టింగులే ఉంటాయి, 03-04ను మార్చి 4 అనుకుంటుంది. నెలలో 12వ తేదీ వరకు చప్పుడు లేకుండా తప్పు లెక్క వేసి, 13 నుంచి అసలు చదవలేనని ఎర్రర్ ఇస్తుంది. పార్స్‌ఎగ్జాక్ట్ అనే ఫంక్షన్ వాడి, తేదీ ఏ రూపంలో ఉంటుందో మనమే చెప్పేస్తే ఈ బాధ ఉండదు. పరీక్ష కూడా నెల మొదట్లో, పదిహేనో తేదీ తర్వాత, రెండుసార్లూ చేయాలి.

అర్ధరాత్రి సంగతి కూడా చూశాను. రోజుకో కొత్త ఫైలు. పన్నెండు దాటిన మొదటి నిమిషంలో కొత్త ఫైలు ఇంకా పుట్టి ఉండదు, అప్పుడు నిన్నటి ఫైలు చివరి వరసను చూస్తుంది.

ఈ పరీక్ష పెట్టిన కొద్ది రోజులకే ఒక అసలైన కేసు దొరికింది. మధ్యాహ్నం పూట కబురు వచ్చింది, వరసలు ఆగాయని. వెళ్లి చూస్తే ప్రోగ్రామ్ బాగుంది, సెన్సర్లు బాగున్నాయి. లెక్కల గుమాస్తా ఆ రోజు ఫైలును ఎక్సెల్‌లో తెరిచి భోజనానికి వెళ్లారు. ఎక్సెల్ ఒక ఫైలును తెరిచి ఉంచినంతసేపు వేరే ప్రోగ్రామ్ దాంట్లో రాయలేదు. ఆయన చేసింది తన పనే, రైతు ఎవరో లోపలి చల్లదనం చూపించమంటే తెరిచారు. ఇప్పుడు పది నిమిషాలకోసారి ఆ ఫైలు కాపీ ఒకటి వేరే ఫోల్డర్‌లోకి వెళ్తుంది, ఆఫీసులో అందరూ ఆ కాపీనే తెరుస్తారు. పేరుతో వెతికే పద్ధతికే కట్టుబడి ఉంటే ఇది ఎన్నటికీ బయటపడేది కాదు.

ఇంకొక పొర కూడా వేశాను. వరసలు వస్తున్నాయి సరే, అంకెలు కదులుతున్నాయా? సెన్సర్ల లైనును కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ కన్వర్టర్ ఊడిపోతే కొన్ని ప్రోగ్రాములు చివరిసారి చదివిన అంకెనే మళ్లీ మళ్లీ రాస్తుంటాయి, మనదీ ఆ రకమే. టిక్కీలతో నిండిన ఛాంబర్‌లో చల్లదనం నెమ్మదిగా మారుతుంది, కాబట్టి ఒక్క సెన్సర్ గంటసేపు ఒకే అంకె చూపించినా కంగారు పడక్కర్లేదు. అన్ని సెన్సర్లూ కలిసి గంటసేపు పాయింటు కూడా కదలకపోతే మాత్రం అది కొలత కాదు. ఆ గంట అనేది ఇక్కడి పాత ఫైళ్లు తిరగేసి పెట్టుకున్న హద్దు. వేరే చోట వేరే ఉంటుంది.

ఏప్రిల్ చివర: టాస్క్ షెడ్యూలర్, మళ్లీ లేపడం

స్క్రిప్టు ఐదు నిమిషాలకోసారి నడవాలి. పనులను టైము ప్రకారం నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టడం సులువే. ల్యాప్‌టాప్‌లో అయితే కరెంటు ప్లగ్‌లో ఉంటేనే నడపమనే టిక్కు ముందే పెట్టి ఉంటుంది, దాన్ని తీసేయాలి. పవర్‌షెల్ స్క్రిప్టులు నడపకూడదనే నియమం విండోస్‌లో మొదటి నుంచీ ఉంటుంది కాబట్టి టాస్క్‌లోనే ఎగ్జిక్యూషన్ పాలసీ బైపాస్ అని చెప్పాలి. స్క్రిప్టుకు వేర్వేరు ఎగ్జిట్ కోడ్‌లు ఇచ్చాను: సున్నా అంటే బాగుంది, ఒకటి అంటే ప్రోగ్రామ్ లేదు, రెండు అంటే వరసలు పాతబడ్డాయి, మూడు అంటే అంకెలు గడ్డకట్టాయి, నాలుగు అంటే ఒకటికి మించి కాపీలు. షెడ్యూలర్‌లో లాస్ట్ రన్ రిజల్ట్ దగ్గర ఆ అంకె కనిపిస్తుంది, ఫోనులో అడిగి తెలుసుకోవడానికి బాగా పనికొస్తోంది.

ఆగిన ప్రోగ్రామ్‌ను స్క్రిప్టే మళ్లీ లేపాలా అన్నదాని మీద మేనేజర్ గారితో చాలాసేపు మాట్లాడాను. లేపాలి, కానీ హద్దు ఉండాలన్నది నా అభిప్రాయం. ప్రతి పది నిమిషాలకూ చచ్చి మళ్లీ లేచే ప్రోగ్రామ్ వెనక ఏదో చెడిపోయిన వైరో, పోర్టో ఉంటుంది. చప్పుడు లేకుండా లేపుతూ పోతే అది ఎవరి కంటా పడదు. గంటలో రెండుసార్లకు మించి లేపదు, ఆ తర్వాత మనిషిని పిలుస్తుంది.

లేపడంలో ఒక చిక్కు ఉంది. లాగిన్ ఉన్నా లేకున్నా నడిచే టాస్కులు సెషన్ సున్నాలో ఉంటాయి. విస్టా కాలం నుంచి విండోస్ ఆ సెషన్‌ను వాడేవాళ్ల తెర నుంచి వేరు చేసింది. అక్కడి నుంచి ప్రోగ్రామ్‌ను మొదలుపెడితే అది నడుస్తుంది, కిటికీ మాత్రం ఎవరికీ కనిపించదు. ఎవరో కనిపించలేదని ఐకాన్ నొక్కుతారు, రెండో కాపీ, పోర్టు గొడవ. అందుకని రెండు టాస్కులు పెట్టాను. కనిపెట్టేది వెనక నడుస్తుంది. లేపేది వేరే టాస్కు, యూజర్ లాగిన్‌లో ఉన్నప్పుడే నడిచేలా పెట్టాను. మొదటిది అవసరమైతే రెండోదాన్ని పిలుస్తుంది. లేపే ముందు పాతదాన్ని ఆపి, అది జాబితాలోంచి పూర్తిగా వెళ్లేదాకా ఆగుతుంది, లేకపోతే పోర్టు ఇంకా పాతదాని చేతిలోనే ఉంటుంది.

మే మొదట్లో: కబురు తెలుగులో

ఎస్‌ఎంఎస్ పంపాలనుకున్నాం. వ్యాపార సంస్థలు పంపే మెసేజీలకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే రిజిస్ట్రేషన్ వేదికలో పేరు, మెసేజీ నమూనా రిజిస్టర్ చేయించాలి. చిన్న పనికి అంత ప్రయాణం వద్దని టెలిగ్రామ్ బాట్ (ప్రోగ్రామ్‌తో మెసేజీలు పంపే ఖాతా) పెట్టాను. దాంతో పాటు మెషిన్ రూమ్‌లో ఒక హూటర్ (సైరన్). నెట్ లేకపోయినా హూటర్ మోగాలి.

రాత్రి డ్యూటీలో ఉండే ఆపరేటర్ అన్న ఒక మాట అడిగాడు. "ఇంగ్లీషులో వస్తే నేను ఎవరికో ఫోన్ చేసి చదివించుకోవాలి, తెలుగులో పెట్టు తమ్ముడూ." న్యాయమైన మాట. నిద్ర మధ్యలో చదవాల్సిన మెసేజీ చదివేవాళ్ల భాషలో ఉండి తీరాలి.

తెలుగులో పెట్టగానే ఫోనులో అన్నీ ప్రశ్నార్థకాలు వచ్చాయి. దీనికి రెండు కారణాలు, రెండూ విడివిడిగా సరిచేయాలి. పవర్‌షెల్ 5.1 స్క్రిప్టు ఫైలు మొదట్లో బీఓఎం గుర్తు (ఫైలు ఏ అక్షర పద్ధతిలో ఉందో చెప్పేది) లేకపోతే దాన్ని పాత ఆన్సీ పద్ధతిలో చదువుతుంది, తెలుగు అక్కడే చెడిపోతుంది. అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8లో, విత్ బీఓఎంగా సేవ్ చేయాలి. ఇక నెట్ మీద మెసేజీ పంపే ఇన్వోక్-రెస్ట్‌మెథడ్ కమాండ్ మనం ఇచ్చిన మాటను పంపేటప్పుడు లాటిన్ అక్షరాల పద్ధతిలోకి మారుస్తుంది, మన అక్షరాలకు అక్కడ చోటు లేదు. ముందే యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి ఇస్తే మార్చకుండా పంపుతుంది. ఇప్పుడు ఇలా వస్తోంది: "ఛాంబర్ రికార్డు 12 నిమిషాలుగా ఆగింది. ఆఫీసు కంప్యూటర్ చూడండి." ఏం జరిగింది, ఎక్కడికి వెళ్లాలి, రెండే మాటలు.

స్థితి మారినప్పుడే మెసేజీ వెళ్తుంది. ఆగినప్పుడు ఒకటి, మళ్లీ మొదలైనప్పుడు ఒకటి, మధ్యలో అరగంటకోసారి గుర్తుచేయడం. రోజూ రాత్రి ఎనిమిదికి అన్నీ బాగున్నాయని ఒకటి పంపుతుంది. అది రాలేదంటే కాపలా స్క్రిప్టే ఆగిందని అందరికీ చెప్పి ఉంచాను.

మే నడిమి: కాపలాకు కాపలా

కంప్యూటరే ఆరిపోతే స్క్రిప్టూ పోతుంది. దీనికి ఆఫీసులో లినక్స్‌తో నడిచే ఒక చిన్న కంప్యూటర్, రాస్‌బెరీ పై, పెట్టి, హూటర్‌ను దానికే కలిపాను. విండోస్ స్క్రిప్టు నడిచిన ప్రతిసారీ, ఫలితం ఏదైనా సరే, చివర్లో రాస్‌బెరీ పైకి ఎగ్జిట్ కోడ్‌తో సహా ఒక సంకేతం పంపుతుంది. కోడ్ సున్నా కాకపోయినా, పదిహేను నిమిషాలు అసలు సంకేతమే రాకపోయినా రాస్‌బెరీ పై ఆ హూటర్‌ను మోగిస్తుంది. అక్కడ లేదు అన్న కబురు కోసం చూడం, ఉన్నాను అన్న కబురు రాకపోవడమే కబురు.

రాస్‌బెరీ పై మీద నడిచేది పైథాన్ ప్రోగ్రామ్. అది నడుస్తోందో లేదో పీగ్రెప్‌తో (లినక్స్‌లో ప్రోగ్రామును పేరుతో వెతికే కమాండ్) చూడవచ్చు గానీ, పైథాన్3తో నడిపిన ఏ స్క్రిప్టుకైనా ప్రాసెస్ పేరు పైథాన్3 అనే ఉంటుంది. మొత్తం కమాండ్ వరసలో వెతకమంటే, ఆ ఫైలును ఎడిటర్‌లో ఎవరైనా తెరిచి ఉన్నా దొరికింది అంటుంది. పాత పద్ధతిలో పీఎస్ (జాబితా ఇచ్చేది), గ్రెప్ (అందులో వెతికేది) కలిపి వాడితే గ్రెప్ తనను తానే చూసుకుని ఉంది అంటుంది. లినక్స్‌లో ప్రాసెస్ పేరు 15 అక్షరాల దగ్గర తెగిపోతుందన్నది కూడా గుర్తుండాలి. ఇవన్నీ వద్దని లినక్స్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీకి అప్పజెప్పాను. సర్వీస్‌గా రాస్తే పుట్టించినది తనే కాబట్టి పేరుతో వెతికే పనే లేదు, చస్తే లేపమని అందులో రాసిపెడితే తనే లేపుతుంది. రాస్‌బెరీ పై చిప్‌లోనే ఉన్న హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌ను (బిగుసుకుపోతే రీస్టార్ట్ చేసే టైమర్) కూడా సిస్టమ్‌డీకి కట్టాను. రాస్‌బెరీ పై మొత్తం బిగుసుకుపోతే అదే రీస్టార్ట్ అవుతుంది.

మే చివర: పరీక్షలు

కావాలని పాడు చేసి చూడకుండా ఈ పని అయిందని చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆపరేటర్ అన్న, మేనేజర్ గారు పక్కనుండగా ఒక్కొక్కటి చేశాం. టాస్క్ మేనేజర్‌లో ప్రోగ్రామ్‌ను చంపాం: పట్టింది, లేపింది. ఫైలును ఎక్సెల్‌లో తెరిచాం: పట్టింది. యూఎస్‌బీ పీకాం: వరసలు వస్తూనే ఉన్నాయి, గంట తర్వాత గడ్డకట్టాయని చెప్పింది. రిసోర్స్ మానిటర్‌లో సస్పెండ్ ప్రాసెస్ అని ఉంటుంది, దాంతో ప్రోగ్రామ్‌ను చావకుండా స్తంభింపజేశాం. పేరు జాబితాలో నిక్షేపంగా ఉంది, చివరి వరస పరీక్ష మాత్రం టైముకు పట్టేసింది. కంప్యూటర్ మెయిన్ స్విచ్ తీశాం, రాస్‌బెరీ పై హూటర్‌ను మోగించింది.

కరెంటు తిరిగి వచ్చాక కంప్యూటర్ దానంతట అదే లేవలేదు. బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే కంప్యూటర్ సెట్టింగుల చోటు) ఆ సెట్టింగ్ మార్చాం. లేచాక కూడా లాగిన్ అయ్యేదాకా ప్రోగ్రామ్ మొదలు కాదు. ఆటో లాగిన్ పెడితే ఆఫీసు కంప్యూటర్ అందరికీ తెరిచి ఉన్నట్టే, బాండ్ల వివరాలు అందులోనే ఉన్నాయి. రికార్డింగ్‌కు విడిగా ఒక చిన్న కంప్యూటర్ కొంటే దానికి ఆటో లాగిన్ పెట్టుకోవచ్చని మేనేజర్ గారికి చెప్పాను, ఒప్పుకున్నారు. అది వచ్చేదాకా కరెంటు పోయివచ్చిన ప్రతిసారీ ఆపరేటర్ అన్న ఆఫీసుకు వచ్చి లాగిన్ చేస్తాడు, ఆ ఒక్క పనికే ఒక పరిమిత ఖాతా ఇచ్చాను.

తర్వాతి పని ఆ కొత్త కంప్యూటర్‌లోకి అంతా మార్చడం, యూఎస్‌బీ పీకిన కేసులో గంట హద్దును తగ్గించడం. దానికి ప్రోగ్రామ్ కంపెనీ వాళ్లను ఒక్కటే అడిగాను: పోర్టు పోతే పాత అంకె రాయకుండా ఆ గడి ఖాళీగా వదలమని.